గొట్టంల గాలి

"స్టీరింగుల తప్పుంటే చక్రం నీదే కట్టయ్యా. నీల తప్పుంటే ఎల్లుండి సంది ఈ ప్రేమ్‌సింగు చక్రం పడతడు. ఇగ లొల్లి పెట్టకు."

జనగామ సేటు నర్సింగరావు రేవు మెట్ల మీద నిలవడి, బూట్లకు తడి తగులకుంట ప్యాంటు పైకి పట్టుకొని గిట్ల తేల్చి చెప్పిండు. చెప్పేటప్పుడు కట్టయ్య మొఖం దిక్కు చూడనే లేదు, దూరంగ ఆపిన తన కారు దిక్కు చూసిండు. లాంచి ఆయనది, రేవు వేలంపాట ఆయనది, కార్తీకంల గోదావరి దాటే జనం ఆయనకు చేతికొచ్చిన పంట. అసొంటి దినాలల్ల లాంచి గట్టుకు కట్టేసి ఉంటే ఆయన పానం కొట్టుకోదా మరి.

కట్టయ్య పానం గూడ కొట్టుకుంటుంది గని దాని కథ వేరు. మొన్న పొద్దుగాల లాంచి రేవుకొస్తుంటే కట్టయ్య చక్రం కుడికి తిప్పిండు. చక్రం తేలిగ్గ తిరిగింది, పడవ తిరుగలే. మళ్ళ తిప్పిండు, మళ్ళ తిప్పిండు, లాంచి సక్కగ బండల మీదికే పోయింది. తాడు అందుకోను మెట్ల మీద నిలవడ్డ రాములు, కట్టయ్య సొంత బామ్మర్ది, చెయ్యి అడ్డం పెట్టిండు. అంత పడవకు ఎవడన్న చెయ్యి అడ్డం పెడతడా? పెట్టిండు పిచ్చోడు. లాంచికి బండకు నడుమ చెయ్యి నలిగిపోయింది. భూపాలపల్లి దవాఖానల రెండు వేళ్ళు తీసేసిన్రు. మిగిలిన వాటికి వల గుంజే తాకతు వస్తదో రాదో ఇప్పుడే చెప్పలేమన్నరు.

రేవుల జనం రాములును బయటికి గుంజిన్రు, కట్టు కట్టిన్రు, ఆటో ఎక్కించిన్రు, అంతా బరాబర్ చేసిన్రు. ఆ తర్వాత ఎవడో ఒకడు కట్టయ్య అంగీ దగ్గర ముక్కు పెట్టి "తాగిండు రా వీడు" అన్నడు. అయిపాయె. ముందటి రాత్రి టేకుమట్లల చుట్టాలింట్ల పెద్దకర్మకు పోయి తాగింది నిజమే, అదే అంగీతోని పొద్దుగాల లాంచెక్కింది నిజమే. పొద్దుగాల చుక్క ముట్టలేదన్నది గూడ నిజమే గని ఆ నిజాన్ని అడిగేటోడెవడు? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు. కుండ మూతికి మూకుడుంటది గని ఊరి మూతికేడుంటది?

సేటు కారు దుమ్ము లేపుకుంట పోయింది. కట్టయ్య అప్పుడు ప్రేమ్‌సింగు దిక్కు తిరిగిండు. గార్ల దిక్కు తండా మనిషి. వరికోత మిషన్లు నడుపుతడు, వాటి స్టీరింగులు పాడైతే బాగు చేస్తడు. ఈసారి వానలకు కోతలు ఎనుకవడ్డయ్, పని లేక ఇంట్ల కూసున్నోన్ని సేటు పట్టుకొచ్చిండు. నట్లు ఇప్పే పానాల సంచి ముందల పెట్టుకొని లాంచి సీటు మీద కాలు మీద కాలేసుకొని కూసున్నడు.

"కోత మిషను నడిపేటోడు గోదాట్ల లాంచి నడుపుతడా? ఇదేమన్న పొలమనుకున్నవా?" అన్నడు కట్టయ్య.

"పొలంల గూడ గట్లుంటయ్ పెద్దాయినా. వాటికి గుద్దితే ఎవ్వని చెయ్యి నుజ్జుగాదు."

కట్టయ్య చేతులకు దురద పుట్టింది. గని వాన్ని గోదాట్ల దొబ్బితే స్టీరింగు ఎవడు చూస్తడు? తప్పు స్టీరింగులనే ఉన్నదని ఊరందరి ముందట చెప్పేటందుకు దిక్కు ఈ తండోడే. ఆ సంగతి యాదికొచ్చి ఇంక మండింది.

"సూడు మరి. సూసి సక్కగ చెప్పు. చక్రం మీద ఆశ పెట్టుకొని అబద్ధం చెప్పినవంటే ఈ రేవుల నుంచి నడుసుకుంట పోవు."

"నాకు బెదిరిచ్చేటోల్లు కొత్తగాదు. పొద్దుగాల రా. తాగకుంట రా," అన్నడు ప్రేమ్‌సింగు.

ఇంటికి పోతె ఇంట్ల ఇంకో యుద్ధం. కట్టయ్య పెండ్లం ఓదెమ్మ దవాఖాన నుంచి అప్పుడే వచ్చింది. తమ్ముని దగ్గర మరదలును ఉంచి, రాత్రికి జొన్న గటక కాసిపోదామని వచ్చింది. వచ్చినప్పటి సంది మొగని మొఖం చూడకుంట పొయ్యితోని మాట్లాడుతుంది, గిన్నెతోని మాట్లాడుతుంది.

"తల్లి సచ్చిపోతె వాన్ని నేను చంకనేసుకొని సాదిన," అన్నది పొయ్యిల పుల్ల ఎగదోసుకుంట. "నా చేతుల ముద్ద తిన్న చెయ్యి అది."

"ఓదెమ్మా, నేను పొద్దుగాల తాగలే."

"వాసన వచ్చింది. నీ పక్కల పండే దాన్ని, నాకు తెల్వదా?"

"రాత్రి తాగిన. ఆ వాసన అది."

"రాత్రి తాగిందే పొద్దుగాల నడిపింది. గంతే గదా?"

ఊరు అంటే పడొచ్చు, సేటు అంటే పడొచ్చు. ఒక్క కంచంల తిన్న మనిషి గూడ అంటే ఎట్ల పడతడు? కట్టయ్యకు అసలు దెబ్బ అక్కడ తగిలింది. చక్రం పోతే పోనీ, వల పట్టుకొని బతుకుతడు. గని ఈమె నోటితోని 'నువ్వు తాగలే' అనిపించుకోకుంట మాత్రం బతకలేడు.

"రేపు ఆ మిషనోడు చూస్తడు. తప్పు స్టీరింగుల బయట పడుతది. అప్పుడు నీ నోరు పడిపోతది."

"స్టీరింగు గాదు, గంగమ్మ తల్లి ఒచ్చి చెప్పినా నమ్మ," అని కంచం ఆయన ముందట ఠంగున పెట్టి బయటికి పోయింది. గటక మీద చారు పొయ్యలే. కట్టయ్య ఉత్త గటక తిన్నడు, తినకుంటే దానికీ ఒక మాట అంటదని.

తెల్లారి కట్టయ్య పోయేసరికి ప్రేమ్‌సింగు లాంచి ఎనుక పలకలు ఎత్తి, నడుము దాక లోపలికి దూరి ఉన్నడు. అక్కడ చుక్కానిని అటిటు నెట్టే సిలిండరు ఉంటది. ముందట చక్రం ఎనుక చిన్న పంపు. పంపు నుంచి సిలిండరుకు రెండు పైపులు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. చక్రం తిప్పితే పంపు ఆయిలును నెడుతది, ఆయిలు సిలిండరును నెడుతది, సిలిండరు చుక్కానిని నెడుతది. పైపుల ఆయిలు ఉన్నంత సేపు అంతా మంచిగనే ఉంటది. గాలి సొచ్చిందంటే ఆ గాలి నలుగుకుంట కూసుంటది గని చుక్కాని కదలది.

ప్రేమ్‌సింగు ముందుగాల ప్రతి జాయింటును పొడి గుడ్డతోని తుడిచిండు. తర్వాత కట్టయ్యను చక్రం దగ్గర కూసోబెట్టి ఆఖరు దాక బిగబట్టి తిప్పమన్నడు. మళ్ళ పోయి ఒక్కొక్క జాయింటు కింద వేలు పెట్టి చూసిండు. చెమ్మ లేదు. ఒక్క చక్రం ఇరుసు చుట్టు మాత్రం జర జిడ్డు ఉంగరం లెక్క కట్టి ఉన్నది. దాన్ని వాసన చూసిండు, వేళ్ళ నడుమ రుద్దిండు.

"ఏముంది? చెప్పవేంది?" అన్నడు కట్టయ్య.

"చెప్పేటిదుంటే చెప్త. నీ లెక్క ఒర్రుడు నాకు రాదు."

గాలి తీసుడు ఇద్దరి పని. అదే వచ్చింది కట్టయ్యకు చావు. ప్రేమ్‌సింగు నీళ్ళ బాటిల్ అడుగు కోసి, దాని మూతికి పైపు ముక్క బిగించి, పంపు మూత తీసి ఆ బొర్రల తలకిందులుగ నిలబెట్టి ఆయిలు పోసిండు. ఎనుక సిలిండరుకున్న గాలి స్క్రూకు దవాఖాన నుంచి తెచ్చిన సెలైన్ పైపు తొడిగి, దాని కొస ఇంకో బాటిల్ల ముంచిండు. ముందట ఒకడు చక్రం తిప్పాలె, బాటిల్ల ఆయిలు అడుగంటకుంట పోసుకుంట ఉండాలె. ఎనుక ఒకడు స్క్రూ ఇప్పాలె, మూయాలె. ఒకనికొకడు కనబడరు. అరుపులే ఆధారం.

"తిప్పు!" అని ఎనుక నుంచి అరిచిండు ప్రేమ్‌సింగు.

"ఏ దిక్కు?"

"కుడికి. అన్నం తినే చెయ్యి దిక్కు."

"నాకు కుడి నేర్పుతవా రా? నువ్వు పుట్టకముందు సంది తెడ్డేస్తున్న!"

"అయితే మంచిగనే తెలుసన్నట్టు. తిప్పు!"

కట్టయ్య తిప్పిండు. కోపంల గబగబ తిప్పిండు. ఎనుక నుంచి "మెల్లగ! బుడగలు మళ్ళ లోపటికే పోతయ్! పెండ్లం మీద కోపం చక్రం మీద తియ్యకు!" అని అరుపు. ఊరంతటికి తెలిసింది ఇంటి సంగతి! కట్టయ్య పండ్లు కొరికి మెల్లగ తిప్పిండు. ఆయిలు గుటక గుటక దిగుతుంటే పోసుకుంట తిప్పిండు.

"ఆపు! ఇటు రా. వచ్చి నీ కండ్లతోని చూడు."

పోయి చూసిండు. సెలైన్ పైపుల నుంచి ఆయిలు తెల్లటి నురుగుతోని వస్తుంది, బుడగ ఎనుక బుడగ, బాటిల్ల బుడుబుడు మంటుంది. కట్టయ్యకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. మెట్ల మీద బట్టలు పిండుతున్న ఆడోల్లకు వినబడాలని లేచి నిలవడి అరిచిండు.

"చూడుండ్రి! గాలి! పైపుల గాలి ఉన్నది! నేను తాగలే, గాలి తాగింది పడవ!"

ఆడోల్లు ఒకసారి తలెత్తి చూసి మళ్ళ బట్టలు పిండుకున్నరు. పైపుల గాలి ఉంటే వాళ్ళకేంది?

"అంత సంబురపడకు," అన్నడు ప్రేమ్‌సింగు చేతులు తుడుసుకుంట. "గాలి ఉన్నది, నిజమే. ఎక్కడికెల్లి వచ్చింది? పైపు పలగలే, జాయింటు కారలే. కారణం చూపియ్యకుంటే సేటు ఏమంటడు? ఆయిలు చూసుకోలే, తాగి పండుకున్నడు అంటడు. అప్పుడు గూడ నీ మెడకే."

"కారణం నీకు తెలుసు. చెప్తలేవు."

"ఔ. సంచిల దాచిపెట్టుకున్న, రాత్రికి తింట."

తిట్టుకుంటనే ఎడమ దిక్కు గాలి గూడ తీసిన్రు. నురుగు పోయి తేటగ ఆయిలు వచ్చేదాక తీసిన్రు. పొద్దుమీకి పంపు మూత బిగించి కట్టయ్య చక్రం తిప్పితే, ఆఖరుకు పోయి గట్టిగ ఆగింది. చెయ్యి కింద చుక్కాని బరువు తెలిసింది. ఎన్ని దినాలాయె ఆ బరువు తెలువక! కట్టయ్య చక్రాన్ని చాన సేపు ఇడువలే. ప్రేమ్‌సింగు అది చూసి, ఏమనుకున్నడో ఏమో, ఒక్క తిట్టు గూడ తిట్టకుంట పానాలు సంచిల ఏసుకున్నడు.

తెల్లారి సేటు వస్తడు. వచ్చేలోపల ఒకసారి నడుమ గోదావరి దాక పోయి చూసొద్దామని ఇద్దరు పెందలకాడ రేవుకొచ్చిన్రు. వాళ్ళకంటె ముందు ఓదెమ్మ వచ్చి ఉన్నది.

మొగనితోని మాటల్లేకున్నా, తమ్ముడు దవాఖానల ఉన్నా, పొద్దుగాల పడవకు బొట్టు పెట్టుడు మాత్రం ఓదెమ్మ తప్పలే. ఆ ఇంటి ఆడోల్లకు అది వంశం నుంచి వచ్చిన పని. తొలి దాటుకు ముందు పడవకు పసుపు పూసి గంగమ్మకు మొక్కాలె. ఓదెమ్మ చక్రం ముందట నిలవడి, నూనెల కలిపిన పసుపును పంపు మూతకు మందంగ మెత్తింది, దాని మీద కుంకుమ అద్దింది. అద్ది, ఇద్దరు మొగోల్లకు వినబడేటట్టు మొక్కింది.

"తల్లీ గంగమ్మా, నా తమ్ముని చెయ్యి నాకియ్యి. ఈ తాగుబోతు చేతులకెల్లి ఈ చక్రం తియ్యి. తీసి ఎవ్వనికన్న ఇయ్యి."

"మొక్కు మంచిగున్నది," అని గులిగిండు ప్రేమ్‌సింగు.

ఓదెమ్మ వాన్ని గూడ ఒక చూపు చూసి మెట్లెక్కి పోయింది.

లాంచి బయలెల్లింది. కట్టయ్య చక్రం పట్టిండు, ప్రేమ్‌సింగు ఎనుక పలక ఎత్తి సిలిండరును చూసుకుంట కూసున్నడు. నడుమ గోదాట్ల ఎడమకు తిప్పితే ఎడమకు పోయింది, కుడికి తిప్పితే కుడికి పోయింది. కట్టయ్య ఛాతీ ఉబ్బింది. మళ్ళ మళ్ళ తిప్పిండు. ఇటు కొస నుంచి అటు కొసకు, అటు కొస నుంచి ఇటు కొసకు. బొంగరం దొరికిన పోరగాని లెక్క తిప్పిండు. ఇగ చాలని రేవు దిక్కు మలుపుకున్నడు. రేవు దగ్గరికొచ్చినంక కుడికి తిప్పితే చెయ్యి కింద బరువు పోయింది. చక్రం ఉత్తగ తిరిగింది. ముందట అవే బండలు, రాములు నెత్తురు ఎండిన బండలు.

కట్టయ్య ఇంజను బంద్ చేసిండు, పొడుగు గడ గుంజి బండకు పోటు పెట్టి ఉన్న బలమంత ఏసి నెట్టిండు. లాంచి బండకు జానెడు దూరంల పక్కకు జరిగి ఇసుకల ఆగింది. ఆగంగనే కట్టయ్య గడ పారేసి ఎనుకకు ఉరికి ప్రేమ్‌సింగు కాలరు పట్టిండు.

"నువ్వే! నువ్వే వదులు చేసినవ్! నిన్న మంచిగుండె! చక్రం కోసం నన్ను చంపాలనుకున్నవా?"

"ఇడువు!"

"రాములు చెయ్యి పోయింది, ఇప్పుడు నా పానం పోవాలెనా నీకు?"

"అరే, నాకు ఈత రాదు!" అని అరిచిండు ప్రేమ్‌సింగు, మొఖం తెల్లగ పాలిపోయి. "పడవ మునిగితే ముందు సచ్చేది నేను! నాకు ఈతే రాదు!"

కట్టయ్య చెయ్యి దానంతట అదే వదిలింది. గోదాట్ల లాంచి నడుపుతనని వచ్చినోనికి ఈత రాదంటే ఏమనాలె? ప్రేమ్‌సింగు కాలరు సదురుకొని చక్రం దగ్గరికి పోయిండు. ఇరుసు చుట్టు చూసిండు. నిన్న శుభ్రంగ తుడిచిన కాడ మళ్ళ జిడ్డు ఉంగరం. అప్పుడు పంపు మూత మీద చెయ్యేసి మెల్లగ ఇప్పిండు.

హుస్సుమని గాలి లోపటికి గుంజుకున్నది. ఇద్దరికీ వినబడ్డది.

"ఊపిరి," అన్నడు ప్రేమ్‌సింగు. "ఊపిరాడతలేదు దీనికి. ఈ మూతకు సన్న బొర్ర ఉంటది, ఆయిలు తగ్గినప్పుడు అందులకెల్లి గాలి రావాలె. అది మూసుకుంటే పంపు ఏం చేస్తది? ఇరుసు సందులకెల్లి గుంజుకుంటది, ఆ గాలే పైపులల్ల సొస్తది. ఎన్నిసార్లు తిప్పితే అంత గాలి." మూతను ఎండకు పట్టి చూసిండు. వెలుతురు కనబడలే. "పిన్నీసు ఉన్నదా?"

కట్టయ్య మొలతాడుకున్న పిన్నీసు తీసి ఇచ్చిండు. ప్రేమ్‌సింగు మూత బొర్రల పిన్నీసు పెట్టి పొడిచిండు. గట్టిగ ఎండిన పసుపు ముద్ద, నడుమ ఎర్రటి చారతోని, సన్నగ పురుగు లెక్క బయటికొచ్చి ఆయన అరచేతుల పడ్డది.

కట్టయ్య దాని దిక్కే చూసిండు. పాత పడవకు చుక్కాని కర్ర ఉండె. ఆ కర్ర నెత్తికి బొట్టు పెట్టేది ఓదెమ్మ. ఈ ఎండకాలం సేటు ఈ లాంచి కొన్నప్పుడు, 'దీనికి కర్ర లేదు, చక్రమే, ఏడ పెట్టాలె?' అని అడిగితే, 'గా మూత నొసలు లెక్క ఉన్నది, దానికి పెట్టు' అని కట్టయ్యే సరసమాడిండు. ఆమె పెట్టింది. ఒక్క దినం తప్పకుంట పెట్టింది. చంకనేసుకొని సాదిన తమ్ముడు మెట్ల మీద నిలవడ్డ దినం గూడ, ఈ చేతులతోనే పెట్టింది.

"ఇగ నీ మీది మచ్చ పోయింది," అన్నడు ప్రేమ్‌సింగు. గెలిచినోని గొంతు గాదు అది, పని అయినోని గొంతు. "నువ్వు తాగలే. సేటుకు చూపిస్త ఇది."

"చూపియ్యకు."

"ఏంది?"

"నోరు మూసుకో అంటున్న. ఇది బయటికి రావద్దు."

"పిచ్చి గిట్ల లేసిందా? నిన్నటి సంది కారణం కావాలె కారణం కావాలె అని నా పానం తీస్తివి! ఇదే కారణం!"

"ఎవరు పెట్టిన్రో చూడలేదా నువ్వు?" అన్నడు కట్టయ్య. "రాములు దాని తమ్ముడు. తెలిస్తే అది బతుకుతదా? ఊరు బతకనిస్తదా?"

ప్రేమ్‌సింగు అరచేతుల పసుపు దిక్కు చూసిండు, కట్టయ్య దిక్కు చూసిండు. మెట్ల మీద జనం జమైతున్నరు. సేటు కారు హారను వినబడుతుంది.

"నాకేంది," అన్నడు ఆఖరుకు. "నోరు మూసుకుంటే చక్రం నాకే గదా."

"అందుకే మూసుకో."

ప్రేమ్‌సింగు చెయ్యి నీళ్ళల్ల పెట్టి కడుక్కున్నడు. మూత తుడిచి, బొర్రల మళ్ళొకసారి పిన్నీసు పెట్టి పొడిచి, బిగించిండు. పిన్నీసు కట్టయ్యకు ఇచ్చిండు.

సేటు మెట్లు దిగిండు. ఆయన ఎనుక బెస్తోల్లు, పూల బుట్టలోల్లు, పొద్దుగాల లాంచి ఇసుకల ఆగింది చూసి ఉరికొచ్చిన ఆడోల్లు. ఆ ఆడోల్లల్ల ఓదెమ్మ.

"ఏం తేలింది?" అన్నడు సేటు ప్రేమ్‌సింగును. "స్టీరింగుల తప్పున్నదా లేదా?"

ప్రేమ్‌సింగు కట్టయ్య దిక్కు చూసిండు. కట్టయ్య ముందటికొచ్చిండు.

"స్టీరింగు మంచిగనే ఉన్నది సేటూ. నేనే తాగిన."

జనం ఇంక ముందటికి జరిగిన్రు.

"పొద్దుగాల గూడ తాగిన. రాత్రిది సరిపోక పొద్దుగాల గూడ తాగిన. చక్రం తిప్పిన్ననుకున్న, తిప్పలే. ఇయ్యాల ఇసుకలకు ఎక్కించింది గూడ నేనే. అప్పటి సంది అబద్ధమాడిన."

ఇగ చూడాలె తిట్లు. ముసలోల్లు తిట్టిన్రు, పోరగాండ్లు తిట్టిన్రు, నిన్న బట్టలు పిండుకుంట తలెత్తనోల్లు గూడ తిట్టిన్రు. 'గాలి తాగిందంట పడవ, గాలి!' అని ఒకామె ఎక్కిరిచ్చింది. ఒకడు మట్టిపెల్ల ఇసిరిండు, అది భుజానికి తగిలింది. సేటు మాత్రం తిట్టలే. ఆయనకు పని తెమిలింది, లాంచి బయలెల్లే దారి దొరికింది. తాళపుచెవి కట్టయ్య చేతుల నుంచి గుంజుకొని ప్రేమ్‌సింగు చేతుల పెట్టిండు. ప్రేమ్‌సింగు దాన్ని పట్టుకొని, కట్టయ్య మొఖం చూడలేక, మళ్ళ సొచ్చిన గాలి తీసేటందుకు ఎనుక పలకల దిక్కు తిరిగిండు.

కట్టయ్య ఓదెమ్మ కోసం వెతికిండు. ఆమె మెట్టు మీద కూలవడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తుంది.

ఆ దినం మాపటీలి ఓదెమ్మ అన్నం వండింది. చేపల పులుసు చేసింది. కంచం ముందట పెట్టి, పక్కకే కూసొని పులుసు పోసింది. మొన్నటి సంది మొదటిసారి మొగని మొఖం చూసింది.

"ఆ మాట మొన్ననే అంటే ఏం పోతుండె?" అన్నది.

"భయమయింది."

"భయమైతే నాతోని చెప్పవా? తాగుడు ఒక తప్పు, తాగలేదని నా కండ్లల్ల చూసి చెప్పుడు ఇంకో తప్పు. ఆ రెండోదే నాకు మండింది." ఆమె కంచంల ఇంకో చేప ముక్క ఏసింది. "రాములుకు ఫోన్ల చెప్పిన. ఏమన్నడో తెలుసా? బావ ఒప్పుకున్నడు గదా అక్కా, ఇగ తిట్టకు అన్నడు. అసొంటోని చెయ్యి గిట్లయిపాయె."

కట్టయ్య చెంబెత్తి నీళ్ళు తాగి దింపిండు.

"వాని చెయ్యి కుదిరేదాక వాని వల నువ్వే గుంజాలె. కుదరకపోతే నీ కాలం పోయేదాక నువ్వే గుంజాలె."

"గుంజుత," అన్నడు కట్టయ్య.

తెల్లారి కట్టయ్య ఇంటి ముందల రాములు వల పరుచుకొని తెగిన వలకండ్లు అల్లుతుంటే, ఓదెమ్మ పసుపు పళ్ళెంతోని రేవు నుంచి ఉరికినట్టే వచ్చింది. కుంకుమంత పళ్ళెంల ఒలికిపోయింది. మొఖం జేవురించింది.

"ఆ తండోడు నన్ను చక్రం ముట్టనియ్యలే!" అన్నది వచ్చుడు వచ్చుడే. "లాంచి ముందటి మూతి కొయ్యకు పెట్టుకో పో, చక్రం కాడికి రాకు అన్నడు. ఆడిదాని చెయ్యి తగిలితే నాకు కలిసిరాదంటడు! అందరి ముందట అన్నడు! మా అత్త పెట్టింది, వాళ్ళత్త పెట్టింది, ఇన్నేండ్లల్ల ఒక్క మొగోడు అన్నడా అసొంటి మాట?"

కట్టయ్య చేతుల అల్లిక కట్టె ఆగింది. ఓదెమ్మ వాకిట్లనే నిలవడి ఎదురుచూస్తుంది, మొగడు తన దిక్కు మాట్లాడుతడా లేదా అని.

"వాడు అసొంటోడే," అన్నడు కట్టయ్య. "నేను ముందుగాలనే చెప్పలేదా, వాడు మంచోడు గాదని."

"నువ్వుంటే అననిత్తువా?"

"నేనుంటే పండ్లు రాలగొడుదును."

ఓదెమ్మ పళ్ళెం గూట్లె పెట్టి వచ్చి, వల ఇంకో కొస ఒళ్ళెకు తీసుకొని కూసున్నది. వాని తండాను తిట్టింది, వాని కోత మిషనును తిట్టింది, వాని తల్లి కడుపును తిట్టింది. కట్టయ్య ప్రతి తిట్టుకు ఒక తిట్టు కలిపిండు. ఒక్క మాట తగ్గకుంట, గొంతు వణకకుంట, పొద్దెక్కేదాక ఆమెతోని కలిసి ప్రేమ్‌సింగును తిట్టిండు.